సగం తగ్గి మోసం చేసే జబ్బు: పిల్లల శ్వాసమార్గ కణితుల నిర్ధారణ, చికిత్స

పిల్లల శ్వాసమార్గంలో కణితి పెరగడం చాలా అరుదు. అందుకే అది ఆలస్యంగా బయటపడుతుందని సాధారణంగా వివరణ ఇస్తారు. ఈ వివరణ తప్పు కాదు గానీ, సరిపోదు. అరుదైన జబ్బుల్లో కొన్ని ఏ మందుకూ లొంగకుండా మొండికేసి, తొందరగానే అనుమానం పుట్టిస్తాయి. శ్వాసమార్గ కణితుల తీరు వేరు. స్టెరాయిడ్ పడితే రెండు రోజులు ఊపిరి తేలికవుతుంది, యాంటీబయాటిక్ పడితే జ్వరం దిగుతుంది, నెబ్యులైజర్ పెడితే దగ్గు కాస్త నెమ్మదిస్తుంది. ఈ అరకొర గుణం చూసి తల్లిదండ్రులు ఊరట పడతారు, వైద్యుడికి తాను అనుకున్న జబ్బే ఇదన్న నమ్మకం గట్టిపడుతుంది, లోపలి గడ్డ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. నిర్ధారణ ఎక్కడ జారిపోతుందో, గడ్డ దొరికాక ఒక్కో రకానికి ఒక్కో చికిత్స ఎందుకు అవసరమవుతుందో తెలియాలంటే ముందు ఈ సగం తగ్గడం ఎలా జరుగుతుందో చూడాలి.

మొదటి కారణం గొట్టం కొలతలోనే ఉంది. నెలలు నిండి పుట్టిన శిశువుకు స్వరతంత్రుల కిందనున్న సబ్‌గ్లాటిస్ అనే భాగం వ్యాసం 4 నుంచి 5 మిల్లీమీటర్లు మాత్రమే. క్రైకాయిడ్ మృదులాస్థి దాని చుట్టూ పూర్తి వలయంగా బిగిసి ఉండటం వల్ల లోపల వచ్చిన వాపైనా గడ్డైనా బయటికి జరగలేక, గాలి తిరిగే చోటునే ఆక్రమిస్తుంది. గాలి సాఫీగా పారే గొట్టంలో నిరోధం వ్యాసార్ధం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది. ఈ లెక్కన 4 మిల్లీమీటర్ల గొట్టంలో చుట్టూ ఒక మిల్లీమీటరు మందాన వాపు వస్తే నిరోధం 16 రెట్లవుతుంది. అంతే వాపు 8 మిల్లీమీటర్ల గొట్టంలో వస్తే పెరుగుదల దాదాపు మూడు రెట్లే. అందుకే పెద్దవాళ్లకు తెలియను కూడా తెలియనంత వాపు పసిబిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది. ఇదే లెక్క తిరగేస్తే మరో సంగతి తెలుస్తుంది. రెండు మిల్లీమీటర్లకు మూసుకుపోయిన దారి మందు వల్ల రెండున్నర మిల్లీమీటర్లకు తెరుచుకుంటే చాలు, నిరోధం సగానికి పైగా పడిపోతుంది. గడ్డ దాదాపు ఉన్నంతా అక్కడే ఉంటుంది, బిడ్డ మాత్రం కోలుకున్నట్టే కనిపిస్తుంది.

ఇక్కడ శబ్దాన్ని జాగ్రత్తగా వినడం ఖర్చు లేని పరీక్ష. ఇరుకు స్వరతంత్రులకు పైన ఉంటే శబ్దం ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు వస్తుంది. స్వరతంత్రుల దగ్గరో, వాటి కిందో ఉంటే పీల్చేటప్పుడూ వదిలేటప్పుడూ వినిపిస్తుంది. ఛాతీ లోపలి శ్వాసనాళంలో, దాని శాఖల్లో ఉంటే ఎక్కువగా వదిలేటప్పుడే వస్తుంది. ఉబ్బసంలో వచ్చే పిల్లికూతలు రెండు ఊపిరితిత్తుల్లోనూ పలు స్థాయిల్లో వినిపిస్తాయి. ఒక్క పక్కనే, ఒకే స్థాయిలో, ఎప్పుడూ అదే చోట వినిపించే కూత ఉబ్బసానిది కాకపోవచ్చన్న అనుమానం అక్కడే పుట్టాలి. ఆసుపత్రికి వచ్చేసరికి చాలామంది పిల్లల్లో శబ్దం తగ్గిపోయి ఉంటుంది కాబట్టి, రాత్రి పూట డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్న బిడ్డను తల్లి సెల్‌ఫోనులో తీసిన వీడియో కొన్నిసార్లు ఎక్స్‌రే కన్నా ఎక్కువ చెబుతుంది.

సబ్‌గ్లాటిస్‌లో వచ్చే ఇన్‌ఫెంటైల్ హెమాంజియోమా అనే రక్తనాళాల కణితి ఈ మోసానికి చక్కని ఉదాహరణ. ఇది క్యాన్సర్ కాదు. పుట్టినప్పుడు బిడ్డ మామూలుగానే ఉంటుంది. కొన్ని వారాలు గడిచాక, సాధారణంగా మొదటి ఆరు నెలల లోపే, ఊపిరిలో గరగర మొదలై జలుబు చేసినప్పుడల్లా ముదురుతుంది, దానికి కుక్క మొరిగినట్టుండే దగ్గు తోడవుతుంది. ఈ లక్షణాలన్నీ క్రూప్ అనే వైరస్ జబ్బుకూ ఉంటాయి. క్రూప్‌కు ఇచ్చే మందు స్టెరాయిడ్. ఆ స్టెరాయిడ్‌కే హెమాంజియోమా కూడా కొంత కుంచించుకుపోతుంది. మందు ఆపిన కొద్ది రోజులకు గడ్డ మళ్లీ ఉబ్బుతుంది, కేసు కాగితం మీద మళ్లీ క్రూప్ అనే రాస్తారు. మందు పనిచేయకపోతే నిర్ధారణను అనుమానించాలని వైద్య విద్యార్థులకు నేర్పుతారు గానీ, పనిచేసిన మందును అనుమానించడం అంతకన్నా కష్టం. క్రూప్ ప్రధానంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల మధ్య వచ్చే జబ్బు. ఆరు నెలలు నిండని బిడ్డకు ఆ పేరు రాయాల్సి వచ్చినా, ఏ వయసులోనైనా పదే పదే రాయాల్సి వచ్చినా స్వరపేటికను ఎండోస్కోప్‌తో చూడటం అవసరం.

చర్మం మీద ఆధారాలు కూడా ఉంటాయి. దవడలు, గడ్డం, కింది పెదవి, మెడ ముందుభాగం, అంటే పెద్దయ్యాక మగవారికి గడ్డం మొలిచే చోట, ఎర్రటి హెమాంజియోమా మచ్చలు విస్తారంగా ఉన్న శిశువుల్లో శ్వాసమార్గంలోనూ అదే కణితి ఉండే అవకాశం చాలా ఎక్కువని 1997లో అమెరికాలో వెలువడిన అధ్యయనం చూపింది. అలాంటి బిడ్డ ఊపిరిలో చిన్న శబ్దం వచ్చినా ఆగకుండా పరీక్షించాలి. చర్మం మీద మచ్చ లేదు కదా అని ధీమా పడటానికీ లేదు. సబ్‌గ్లాటిక్ హెమాంజియోమా ఉన్న శిశువుల్లో ఇంచుమించు సగం మందికి ఒంటి మీద ఏ మచ్చా కనిపించదు. ముఖం మీద మచ్చ మరీ పెద్దదిగా ఉంటే మెదడు రక్తనాళాలు, గుండె, కళ్లలో లోపాలతో కలిసివచ్చే ఫేస్ సిండ్రోమ్‌ను కూడా దృష్టిలో పెట్టుకుని, చికిత్సకు ముందు ఆ పరీక్షలూ చేస్తారు.

హెమాంజియోమాకు గతంలో ఇచ్చిన చికిత్సలు తలుచుకుంటే ఇప్పటి మార్పు విలువ తెలుస్తుంది. ఈ గడ్డ ఏడాది వయసు దాకా పెరిగి తరువాత తనంతట తానే కరుగుతుంది కాబట్టి, మెడకు రంధ్రం చేసి ట్రాకియాస్టమీ గొట్టం అమర్చి, కరిగేదాకా ఏళ్లపాటు ఆగేవారు. గొట్టం పూడుకుపోయి ఇంట్లోనే ప్రాణం పోయే ముప్పు ఆ పిల్లలకు ఎప్పుడూ ఉండేది. రేడియేషన్ ఇచ్చిన రోజులూ ఉన్నాయి. నెలల తరబడి స్టెరాయిడ్లు ఇస్తే ఎదుగుదల దెబ్బతినేది, లేజర్‌తో కాలిస్తే పుండు మానిన చోట మచ్చ కట్టి దారి శాశ్వతంగా ఇరుకయ్యేది. 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో క్రిస్టీన్ లియోటే-లాబ్రెజ్ బృందం తాను గమనించిన ఒక విషయాన్ని ప్రచురించింది. ముక్కు మీద హెమాంజియోమాకు స్టెరాయిడ్ వాడుతున్న బిడ్డకు గుండె కండరం మందమైతే, దాని కోసం ప్రొప్రనొలాల్ ఇచ్చారు. మర్నాటికే గడ్డ రంగు మారి మెత్తబడింది. దశాబ్దాలుగా రక్తపోటుకు, గుండె జబ్బులకు వాడుతున్న చవకైన మాత్ర అది. ఆ మరుసటి ఏడాదే శ్వాసమార్గంలోని హెమాంజియోమాలూ ఆ మందుతో కరిగిన సంగతి వైద్య పత్రికల్లో వచ్చింది. 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీని ద్రవరూపాన్ని శిశువుల హెమాంజియోమా కోసం ఆమోదించింది. 2015లో ప్రచురితమైన ప్రయోగంలో, రోజుకు కిలోకు 3 మిల్లీగ్రాముల చొప్పున ఆరు నెలలు వాడిన శిశువుల్లో 60 శాతం మందికి గడ్డ పూర్తిగానో, దాదాపు పూర్తిగానో పోయింది. ఉత్తుత్తి మందు వాడినవారిలో అది 4 శాతమే.

మందు చవకైనది, సులువైనది కావడంతో కొత్త ప్రమాదం కూడా వచ్చింది. గొంతులోకి చూడకుండానే, అనుమానం మీద ప్రొప్రనొలాల్ మొదలుపెట్టి, కొంచెం తగ్గితే అదేనని నిర్ధారించుకోవడం పాత క్రూప్ తప్పునే మరో మందుతో చేయడం అవుతుంది. బిడ్డ పాలు తాగకుండా ఉన్నప్పుడు మందు వేస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందువల్ల పాలతో పాటే ఇవ్వాలని, వాంతులు అవుతున్నా పాలు మానేసినా ఆ పూట ఆపేయాలని తల్లికి స్పష్టంగా చెప్పాలి. గుండె వేగం, రక్తపోటు తగ్గవచ్చు, ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాలు బిగుసుకోవచ్చు. నిజంగా ఉబ్బసం లక్షణాలున్న బిడ్డకు ఇది తగిన మందు కాదు. శ్వాసమార్గంలో గడ్డ ఉన్న పసివాళ్లకు తొలి మోతాదులు ఆసుపత్రిలో ఉంచే ఇస్తారు. గడ్డ పెరిగే వయసు దాటకముందే ఆపితే మళ్లీ ఉబ్బుతుంది కాబట్టి సాధారణంగా ఏడాది వయసు దాటేదాకా కొనసాగిస్తారు. మందుకు లొంగని కొద్దిమందికి శస్త్రచికిత్స తప్పదు.

బొంగురు గొంతు దారి వేరు. రెండు మూడేళ్ల బిడ్డ ఏడుపు, మాట నెలల తరబడి బొంగురుగా ఉంటే అరిచి అరిచి గొంతు పోయిందని సరిపెట్టుకోవడం మామూలు. స్వరతంత్రుల మీద పులిపిర్లలా మొలిచే పాపిలోమాలు అలాగే మొదలవుతాయి. హ్యూమన్ పాపిలోమా వైరస్‌లోని 6, 11 రకాలు దీనికి కారణం. ఎక్కువగా కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది, అయితే వైరస్ ఉన్న తల్లులకు పుట్టిన పిల్లల్లో అతికొద్దిమందికే జబ్బు వస్తుంది. సిజేరియన్ చేసినా పూర్తి రక్షణ ఉండదు కాబట్టి, ఆ ఒక్క కారణంతో ఆపరేషన్ చేయమని ఎవరూ సిఫారసు చేయరు. ఇక్కడ శస్త్రచికిత్స లక్ష్యం గాలి దారిని, గొంతును కాపాడటమే. ప్రతి మొలకనూ వేళ్లతో సహా పెకలించాలని చూస్తే స్వరతంత్రులు ముందుభాగంలో ఒకదానికొకటి అతుక్కుపోతాయి, పులిపిర్లు మాత్రం పక్క పొరలోని వైరస్ నుంచి మళ్లీ మొలుస్తాయి. కొందరు పిల్లలకు డజన్ల కొద్దీ ఆపరేషన్లు జరుగుతాయి. ట్రాకియాస్టమీ చేస్తే జబ్బు కిందికి పాకే అవకాశం ఉండటంతో దాన్ని వీలైనంత వరకు తప్పిస్తారు. ఊపిరితిత్తుల దాకా పాకినప్పుడు, లేదా మాటిమాటికీ ఆపరేషన్ అవసరమైనప్పుడు బెవాసిజుమాబ్ అనే మందును రక్తనాళం ద్వారా ఇవ్వడం ఇటీవలి ఏళ్లలో చాలామందికి ఊరటనిచ్చింది. ఈ జబ్బు కోసమే 2025 ఆగస్టులో అమెరికాలో ఆమోదం పొందిన, రోగనిరోధక శక్తిని వైరస్ మీదికి ఉసిగొల్పే తొలి చికిత్స ప్రస్తుతానికి పెద్దలకే పరిమితం.

ఈ కణితుల్లో టీకాతో అడ్డుకోగలిగినది పాపిలోమా ఒక్కటే. ఆస్ట్రేలియా 2007లో నాలుగు రకాల వైరస్‌ల నుంచి రక్షించే టీకాను జాతీయ కార్యక్రమంలో చేర్చింది. అక్కడ పిల్లల్లో ఈ జబ్బు 2012లో లక్షకు 0.16 ఉండగా, 2016 నాటికి 0.02కు పడిపోయింది. ఈ ఫలితం గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ కోసం అమ్మాయిలకు వేసిన టీకా నుంచి వచ్చినది, గొంతు పులిపిర్ల కోసం వేసినది కాదు. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసి 2023 జనవరిలో విడుదల చేసిన సెర్వావ్యాక్ టీకాలో క్యాన్సర్ తెచ్చే 16, 18తో పాటు 6, 11 రకాలు కూడా ఉన్నాయి. క్యాన్సర్ ఒక్కటే లెక్కలోకి తీసుకుంటే 16, 18 మాత్రమే ఉన్న రెండు రకాల టీకా సరిపోయినట్టే కనిపిస్తుంది. పుట్టబోయే పిల్లల గొంతులు కూడా లెక్కలోకి వస్తే సరిపోదు. టీకా ఎంపిక చర్చల్లో ఈ కోణం అంతగా వినిపించదు.

ఇక ఛాతీ లోపలికి వెళ్తే వయసు, మోసం రెండూ మారతాయి. బడి ఈడు పిల్లల్లో, కౌమారంలో శ్వాసనాళ శాఖల లోపల పెరిగే కణితుల్లో ముఖ్యమైనవి కార్సినాయిడ్, మ్యూకోఎపిడెర్మాయిడ్ కార్సినోమా, ఇన్‌ఫ్లమేటరీ మయోఫైబ్రోబ్లాస్టిక్ ట్యూమర్. మొదటిది నాడీ, అంతఃస్రావ లక్షణాలు రెండూ ఉన్న కణాల నుంచి పుడుతుంది, రెండోది శ్వాసనాళం గోడలోని శ్లేష్మ గ్రంథుల నుంచి. రెండూ క్యాన్సర్ జాతివే అయినా పిల్లల్లో ఎక్కువగా నెమ్మదిగా పెరుగుతాయి. అవి మొదట చేసే పని గాలి దారిని పాక్షికంగా మూయడం. మూసిన చోటికి కింద కఫం నిలిచి న్యుమోనియా వస్తుంది, యాంటీబయాటిక్‌తో అది నిజంగానే తగ్గుతుంది, కొన్ని నెలలకు అదే చోట మళ్లీ వస్తుంది. ఒకే భాగంలో రెండోసారి న్యుమోనియా వచ్చినా, ఎక్స్‌రేలో నీడ నాలుగు నుంచి ఆరు వారాల్లో చెదరకపోయినా ఆ గొట్టం లోపల ఏముందో చూడాలన్న నియమం పాతదే. పాటించడం కష్టమయ్యే కారణం చిన్నది: ప్రతిసారీ బిడ్డను వేరే వైద్యుడు చూస్తాడు, పాత ఎక్స్‌రే ఇంట్లో ఉండిపోతుంది, రెండు నీడలూ ఒకే చోటివన్న సంగతి ఎవరి కంటా పడదు.

తెలుగు రాష్ట్రాల్లోనూ దేశమంతటా దీనికి క్షయ తోడవుతుంది. దగ్గులో రక్తం, జ్వరం, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో నీడ కనిపిస్తే టీబీ అనుకోవడం ఇక్కడ సహజం, చాలాసార్లు సరైనది కూడా. పిల్లల్లో టీబీ క్రిమి పరీక్షల్లో దొరకకపోవడం సాధారణం కాబట్టి నిర్ధారణ లేకుండానే మందులు మొదలుపెట్టాల్సి వస్తుంది. రిఫాంపిసిన్ టీబీ క్రిమినే కాక అనేక ఇతర బ్యాక్టీరియాలను కూడా చంపుతుంది; అంటే కణితి వెనక చేరిన న్యుమోనియా ఆ మందుకూ కొంత తగ్గవచ్చు. ఇన్‌ఫ్లమేటరీ మయోఫైబ్రోబ్లాస్టిక్ ట్యూమర్ అయితే తనంతట తానే జ్వరం, రక్తహీనత, ఒంట్లో వాపును సూచించే ఈఎస్‌ఆర్ అనే రక్తపరీక్ష అంకె పెరగడం, బరువు తగ్గడం తెస్తుంది, సీటీలో సున్నపు చుక్కలు కూడా చూపించవచ్చు. క్షయను పోలడంలో దీన్ని మించిన కణితి లేదు. మందు మొదలుపెట్టడం ఇక్కడ తప్పు కాదు. క్రిమి దొరకకుండా మొదలుపెట్టిన చికిత్సను రెండు నెలల చివర కొత్త ఎక్స్‌రేతో, పాత ఎక్స్‌రేను పక్కన పెట్టి నిజాయితీగా సమీక్షించకపోవడం తప్పు.

వేరుశనగ గింజ మరో చిక్కు. ఇక్కడి చెవి, ముక్కు, గొంతు వైద్యులు పిల్లల శ్వాసనాళాల నుంచి తీసేవాటిలో పల్లీలు, గింజలు ముందుంటాయి. గింజ ఇరుక్కున్న సంగతి ఇంట్లో ఎవరూ చూడకపోతే వారాల తరువాత దాని చుట్టూ కండ పెరిగి స్కాన్‌లో కణితిలా కనిపిస్తుంది. కణితి కూడా గింజలా కనిపించి ఆ భ్రమలో పట్టకారుతో లాగే ప్రయత్నం జరగవచ్చు. లోపల ఉన్నది కార్సినాయిడ్ అయితే రక్తనాళాలు దండిగా ఉండే ఆ గడ్డ బాగా రక్తస్రావం కావచ్చు. కాబట్టి గింజ కోసం వెళ్లినా గడ్డ ఎదురైతే ఏం చేయాలో ముందే అనుకుని వెళ్లడం మంచి బృందం లక్షణం.

ఛాతీ ఎక్స్‌రే మామూలుగా ఉన్నంత మాత్రాన శ్వాసనాళంలో ఏమీ లేదని అనుకోలేం. మధ్యలో ఉన్న గడ్డ గుండె నీడ చాటున దాక్కుంటుంది. ఆరేళ్లు దాటిన పిల్లలు ఊపిరి ఊదే స్పైరోమెట్రీ పరీక్ష చేయగలరు. ఉబ్బసంలో వంపు తిరిగే గీత, పెద్ద గొట్టంలో ఇరుకు స్థిరంగా ఉన్నప్పుడు చదునుగా కనిపిస్తుంది. ఆ గీత కేసి చూడకుండా కింద అచ్చయిన అంకెలు మాత్రమే చదివితే ఈ సంగతి తెలియదు. కాంట్రాస్ట్ ఇచ్చి తీసిన సీటీ స్కాన్ గడ్డ గొట్టం లోపల ఎంత ఉంది, గోడ దాటి ఎంత ఉంది, పక్కన శోషరస గ్రంథులు వాచాయా అన్నది చూపిస్తుంది. చివరి మాట మాత్రం స్కోప్ అనే గొట్టంతో శ్వాసనాళం లోపలికి చూసే బ్రాంకోస్కోపీదే. 1897లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో గుస్టావ్ కిల్లియన్ ఒక రైతు శ్వాసనాళ శాఖలో ఇరుక్కున్న ఎముకను గొట్టం ద్వారా తీయడంతో మొదలైన ఈ పద్ధతి ఇప్పుడు రెండు రూపాల్లో ఉంది. వంగే స్కోప్ లోతుగా వెళ్లి చూడటానికి, గొంతు కదలికలు గమనించడానికి పనికొస్తుంది. గట్టి స్కోప్ గుండా బిడ్డకు ఊపిరి అందిస్తూనే రక్తం పీల్చవచ్చు, ముక్క తీయవచ్చు, మూసుకుపోతున్న దారిని తెరవవచ్చు. గడ్డ అనుమానం బలంగా ఉన్నప్పుడు గట్టి స్కోప్, దాన్ని వాడే చేయి రెండూ అందుబాటులో ఉన్న చోటే పరీక్ష మొదలుపెట్టాలి.

మొత్తం వ్యవహారంలో అత్యంత ప్రమాదకరమైన నిమిషాలు మత్తు ఇచ్చేటప్పుడు వస్తాయి. మెలకువగా ఉన్న బిడ్డ తన బలమంతా పెట్టి ఇరుకు దారిలోంచి గాలి లాక్కుంటుంది. కండరాలను సడలించే మందు ఇచ్చిన క్షణాన ఆ ప్రయత్నం ఆగిపోతుంది. ఆపైన మాస్కుతో గాలి కొట్టినా గడ్డను దాటి వెళ్లకపోవచ్చు, శ్వాసగొట్టం వేద్దామంటే దాని దారిలోనే గడ్డ ఉండవచ్చు. అందుకే అనుభవమున్న మత్తు వైద్యులు బిడ్డ సొంత ఊపిరి ఆగకుండా, పీల్చే మత్తుతోనో, నెమ్మదిగా పెంచే ప్రోపోఫాల్‌తోనో లోతుకు తీసుకెళ్తారు. గట్టి స్కోప్ చేతిలో పట్టుకుని శస్త్రవైద్యుడు పక్కనే నిలబడి ఉంటాడు. శ్వాసనాళం దాదాపు మూసుకుపోయిన కొద్దిమందిలో గుండె, ఊపిరితిత్తుల పని బయటి నుంచి చేసే ఎక్మో యంత్రాన్ని ముందే సిద్ధం చేస్తారు. లేజర్ వాడితే ఆక్సిజన్ వల్ల గొట్టం అంటుకునే ప్రమాదం ఉండటంతో ఆక్సిజన్ శాతాన్ని తగ్గించాలి, అదే సమయంలో బిడ్డకు ఆక్సిజన్ తగ్గకూడదు. ఒకే ఇరుకు దారిని ఇద్దరు వైద్యులు పంచుకునే పని ఇది, వారి మధ్య మాట ముందే కుదరాలి. గొంతులోకి చూడటానికి ధైర్యం చేసి, జరగరానిది జరిగితే ఎదుర్కొనే ఏర్పాటు లేని చోట ప్రయత్నించడం కన్నా, ఆక్సిజన్‌తో, నెబ్యులైజర్‌తో నెట్టుకొస్తూ పెద్ద కేంద్రానికి పంపడమే తెలివైన పని. అరకొర గుణం ఉపయోగపడే చోటు ఇదొక్కటే.

ముక్క తీయాలా వద్దా అన్నది గడ్డను బట్టి ఉంటుంది. సబ్‌గ్లాటిస్‌లో ఒక పక్కన మెత్తగా, నీలి ఎరుపు రంగులో, నొక్కితే అణిగే గడ్డ, తగిన వయసు బిడ్డలో కనిపిస్తే సాధారణంగా బయాప్సీ లేకుండానే హెమాంజియోమాగా తీసుకుంటారు. శాఖల్లోని గడ్డకు ముక్క కావాలి. రక్తస్రావం భయంతో కార్సినాయిడ్‌కు బయాప్సీ అసలే చేయకూడదని ఒకప్పుడు అనేవారు. గట్టి స్కోప్, రక్తాన్ని అదుపు చేసే సాధనాలు ఉన్నప్పుడు చేయవచ్చన్నది ఇప్పటి ఆచరణ. దొరికే ముక్క బియ్యపు గింజంత. దాన్ని చూసే పాథాలజిస్టు తన జీవితకాలంలో పిల్లల శ్వాసనాళ కణితులు ఎన్నో చూసి ఉండకపోవచ్చు. అనుభవమున్న మరో కేంద్రంలో స్లైడ్లను మళ్లీ చూపించడం ఆ వైద్యుడి మీద అపనమ్మకం కాదు, అరుదైన జబ్బుల్లో అది మామూలు పద్ధతి. మ్యూకోఎపిడెర్మాయిడ్‌లో సీఆర్‌టీసీ1, ఎంఏఎంఎల్2 జన్యువులు కలిసిపోవడం, మయోఫైబ్రోబ్లాస్టిక్ కణితుల్లో దాదాపు సగం మందికి ఏఎల్‌కే జన్యువు తెగి వేరే జన్యువుతో అతుక్కోవడం ఇప్పుడు పరీక్షించి చూడగలుగుతున్నారు. రెండో పరీక్ష చికిత్సనే మార్చేస్తుంది కాబట్టి దాన్ని ఖర్చు పేరుతో వదిలేయకూడదు.

కార్సినాయిడ్, మ్యూకోఎపిడెర్మాయిడ్ కణితులకు మాత్రం ఇప్పటికీ కత్తే ప్రధాన చికిత్స. గొట్టం లోపలికి తొంగిచూసే భాగం మొక్క మొలకంత అయితే, గోడలోనూ బయటా ఉన్నది దాని వేరు. స్కోప్ గుండా మొలకను గిల్లేసి దారి తెరుచుకుందని ఊరుకుంటే వేరు మళ్లీ పెరుగుతుంది. అందుకని ఎండోస్కోపీలో తొలగించడాన్ని దారి తెరిచి న్యుమోనియా తగ్గించి, ఆపరేషన్‌కు బిడ్డను సిద్ధం చేయడానికే ఎక్కువగా వాడతారు. గతంలో గడ్డ ప్రధాన శాఖలో ఉంటే మొత్తం ఊపిరితిత్తినే తీసేవారు. ఎదిగే బిడ్డకు అది ఛాతీ వంకరపోవడం నుంచి జీవితాంతం ఆయాసం దాకా చాలా నష్టం తెస్తుంది. 1947లో లండన్‌లో క్లెమెంట్ ప్రైస్ థామస్ ఒక యువ వైమానిక దళ శిక్షణార్థికి గడ్డ ఉన్న గొట్టం ముక్కను మాత్రమే కోసి, రెండు కొసలనూ కలిపి కుట్టి మిగతా ఊపిరితిత్తిని కాపాడాడు. ఆ రోగికి ఉన్నది కార్సినాయిడే. ఆ స్లీవ్ శస్త్రచికిత్స నేడు పిల్లల్లోనూ మొదటి ఎంపికగా నిలిచింది, శోషరస గ్రంథులను కూడా తీసి పరీక్షిస్తారు. పూర్తిగా తొలగించగలిగితే సాధారణ రకం కార్సినాయిడ్‌లో ఐదేళ్ల మనుగడ 90 శాతానికి మించి ఉంటుంది, కీమోథెరపీ అవసరం రాదు. క్యాన్సర్ అన్న మాట వినగానే కీమో మొదలుపెట్టాలని తొందరపడే కుటుంబాలకు దీన్ని నెమ్మదిగా వివరించాల్సి వస్తుంది. అయితే ఆలస్యమైతే గడ్డ వెనకాల ఊపిరితిత్తి పదే పదే చీము పట్టి పాడవుతుంది, అప్పుడు గొట్టాన్ని కలిపి కుట్టినా ఆ భాగం పనికిరాదు. నిర్ధారణ ఆలస్యానికి చెల్లించే అసలు మూల్యం చాలాసార్లు ప్రాణం కాదు, కాపాడుకోగలిగిన ఊపిరితిత్తి.

మయోఫైబ్రోబ్లాస్టిక్ కణితికి కూడా కోయడమే మొదటి దారి. శ్వాసనాళం రెండుగా చీలే చోట పెరిగి కోయడానికి వీల్లేకపోయినప్పుడు ఇప్పుడు మరో దారి ఉంది. ఏఎల్‌కే మార్పు ఉన్నవాటి మీద క్రిజోటినిబ్ అనే మాత్ర పనిచేస్తుంది. అమెరికాలో జరిగిన పిల్లల అధ్యయనంలో 14 మందిలో 12 మందికి గడ్డ గణనీయంగా కుంచించుకుపోయింది. ఆ సంఖ్య చాలా చిన్నది, కానీ ఇంత అరుదైన జబ్బులో అది పెద్ద సాక్ష్యమే. దాని మీద ఆధారపడే 2022 జులైలో ఏడాది దాటిన పిల్లలకు ఈ మందుకు అక్కడ ఆమోదం దక్కింది. ఎంతకాలం వాడాలి, ఆపితే మళ్లీ వస్తుందా అన్నవి ప్రతి బిడ్డ విషయంలో విడిగా తేల్చుకోవలసినవి.

ఇంత చిన్న సంఖ్యలతో ఏ ఒక్క ఆసుపత్రీ సొంతంగా నేర్చుకోలేదు. 2000లో ఇటలీ పిల్లల అరుదైన కణితులను నమోదు చేసే కార్యక్రమం మొదలుపెట్టి, ఏడాదికి పది లక్షల మందిలో ఇద్దరి కన్నా తక్కువకు వచ్చేవాటిని ఆ జాబితాలో చేర్చింది. 2008లో ఐరోపా దేశాల బృందాలు కలిసి ఎక్స్‌పర్ట్ అనే సహకార సంఘంగా ఏర్పడ్డాయి, కేసులను చర్చించి సలహాలు ఇస్తున్నాయి. మన దేశంలో 2012లో టాటా మెమోరియల్ కేంద్రంగా ఏర్పడిన నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ద్వారా స్లైడ్లు, స్కాన్లు నిపుణులకు చూపించుకునే వీలుంది. హైదరాబాద్‌లో పిల్లల వైద్యం, క్యాన్సర్ వైద్యం, ఛాతీ శస్త్రచికిత్స వేర్వేరు పెద్ద ఆసుపత్రుల్లో బలంగా ఉన్నా, ఈ జబ్బుకు ఆ ముగ్గురితో పాటు గొంతు వైద్యుడు, మత్తు వైద్యుడు ఒకే గదిలో కూర్చోవాలి. నీలోఫర్ లాంటి పిల్లల ఆసుపత్రి నుంచి ఎంఎన్‌జే లాంటి క్యాన్సర్ ఆసుపత్రికి కాగితాలతో పాటు సమాచారం కూడా సాఫీగా చేరడం మీదే ఇక్కడ చాలా ఆధారపడి ఉంటుంది.

చికిత్స ముగిశాక పర్యవేక్షణ కూడా గడ్డను బట్టే సాగుతుంది. ప్రొప్రనొలాల్ ఆపాక కొన్ని నెలలు శబ్దాన్ని గమనిస్తే చాలు. పాపిలోమా పిల్లల్లో ఆపరేషన్ల మధ్య గడువు పెరుగుతోందా అన్నదే కొలమానం. గొట్టాన్ని కలిపి కుట్టిన చోట కండ పెరిగి దారి ఇరుకు కావచ్చు కాబట్టి మొదటి ఏడాదిలో స్కోప్‌తో చూస్తారు, బిడ్డ ఎదిగేకొద్దీ ఆ అతుకు కూడా ఎదుగుతోందో లేదో గమనిస్తారు. కార్సినాయిడ్ పదేళ్ల తరువాత కూడా తిరగబెట్టవచ్చు. పన్నెండేళ్లకు ఆపరేషన్ అయిన పిల్ల అప్పటికి చదువు కోసమో ఉద్యోగం కోసమో వేరే ఊళ్లో ఉంటుంది, పిల్లల ఆసుపత్రితో సంబంధం ఎప్పుడో తెగిపోయి ఉంటుంది. పద్దెనిమిదేళ్లు నిండేటప్పుడు ఆపరేషన్ నోటు, పాథాలజీ రిపోర్టు, జన్యు పరీక్ష ఫలితం, స్కాన్ల సీడీ, కణితి ముక్కలను భద్రపరిచిన మైనపు బ్లాకులు ఏ ప్రయోగశాలలో ఉన్నాయన్న వివరం ఆమె చేతికే ఇచ్చి, ఇకపై ఏడాదికోసారి ఎవరిని కలవాలో పేరు రాసి పంపాలి. ఆ తరువాత ఎప్పుడైనా దగ్గులో రక్తం పడితే, చూసే కొత్త వైద్యుడికి టీబీ కన్నా ముందు ఆ కాగితం కనిపిస్తుంది.